వేలే కదా అనుకుంటే...

విరిగిన వేలికి కట్టా, కత్తా? జవాబు ఎక్స్‌రేలో కన్నా పిడికిలిలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఆ సంగతి తెలిసేసరికే చాలామందికి గడువు దాటిపోతోంది

2024 జూలై. పారిస్ ఒలింపిక్స్‌కు ఇక రెండు వారాలే గడువు. పెర్త్‌లో ఆస్ట్రేలియా హాకీ జట్టు ప్రాక్టీసు చేస్తుండగా డిఫెండర్ మాట్ డాసన్ కుడిచేతి ఉంగరపు వేలు దారుణంగా విరిగింది. అతని ముందున్న దారులు రెండే. ఆపరేషన్ చేయించుకుని ఎముక అతికేదాకా నెలల తరబడి ఆగడం, లేదంటే వేలి కొనను పై కణుపు వరకు తీయించుకోవడం. ఆపరేషన్ చేయించుకున్నా వేలు మునుపటిలా పనిచేస్తుందన్న హామీ లేదని సర్జన్ చెప్పేశారు. 30 ఏళ్ల డాసన్‌కు అది మూడో ఒలింపిక్స్. అతను వేలి కొననే వదులుకున్నాడు. పక్షం రోజులు తిరిగేసరికి పారిస్ మైదానంలో స్టిక్ పట్టుకుని నిలబడ్డాడు. (ఆ జట్టునే ఆగస్టు 2న భారత్ 3-2తో ఓడించింది. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా మీద మనవాళ్లు గెలవడం 1972 తర్వాత అదే మొదటిసారి.)

డాసన్ తీసుకున్నది ఎవరూ అనుసరించదగ్గ నిర్ణయం కాదు. కానీ అతను వేసుకున్న ప్రశ్న మాత్రం వేలు విరిగిన ప్రతి ఒక్కరిదీ. ఈ వేలు మళ్లీ ఎప్పుడు పనికొస్తుంది? ఎంత మేరకు పనికొస్తుంది?

క్రికెట్ అభిమానులకు ఈ వ్యవహారం కొత్తేమీ కాదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మిచెల్ స్టార్క్ బంతి తగిలి రవీంద్ర జడేజా ఎడమ బొటనవేలు కీలు తప్పింది, ఎముకా విరిగింది. ఆపరేషన్ అయింది. ఆ వెంటనే స్వదేశంలో ఇంగ్లండ్‌తో జరిగిన సిరీస్‌కు అతను దూరమయ్యాడు. 2024 నవంబరులో పెర్త్‌లో స్లిప్‌లో క్యాచ్ పట్టబోయిన శుభ్‌మన్ గిల్‌కు విరిగిందీ ఎడమ బొటనవేలే. కానీ కత్తి అవసరం రాలేదు. ఒక్క టెస్టు తప్పిపోయింది, మూడు వారాలు తిరగకుండానే డిసెంబరు 6న అడిలైడ్‌లో బ్యాటు పట్టాడు. 2025 ఫిబ్రవరిలో వాంఖడేలో జోఫ్రా ఆర్చర్ బంతి సంజు శాంసన్ కుడి చూపుడు వేలిని విరగ్గొట్టింది. ఆపరేషన్ తర్వాత ఐపీఎల్ తొలి మూడు మ్యాచ్‌ల్లో అతను బ్యాట్స్‌మన్‌గా మాత్రమే దిగాడు, కీపింగ్ గ్లవ్స్ జోలికి పోలేదు. అదే ఏడాది జూలై 14న లార్డ్స్‌లో భారత్ ఆశలు ఆవిరైన బంతిని విసిరిందీ విరిగిన వేలున్న మనిషే. ఎడమ చిటికెన వేలికి కట్టుతోనే షోయబ్ బషీర్ బౌలింగ్‌కు వచ్చి హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్‌ను బౌల్డ్ చేశాడు. భారత్ 22 పరుగుల తేడాతో ఓడింది. బషీర్ అక్కడి నుంచి ఆపరేషన్‌కు వెళ్లాడు.

నలుగురివీ వేళ్లే. ముగ్గురికి ఆపరేషన్, ఒకరికి కాదు. ఇందులో ఎవరి ధైర్యమో, ఎవరి పిరికితనమో లేదు. విరిగిన తీరు వేరు, అంతే. మైదానంలో ఆ తేడా కనిపెట్టడానికి ఆటగాడి పక్కనే ఫిజియో ఉంటాడు, గంటలోపే స్కాన్ అవుతుంది. మామూలు మనిషికి ఆ వసతి లేదు. బండి మీంచి జారిపడినవాడు, బస్సు తలుపులో వేలు నలిగినవాడు, గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పెట్టినవాడు మొదట చేసే పని వేలిని పట్టుకుని ఒకసారి గట్టిగా లాగడం. తర్వాత బామ్. ఆ తర్వాత, నొప్పి తగ్గకపోతే, ఊళ్లో ఆర్‌ఎంపీ. ‘కదులుతోంది కదా, విరగలేదులే’ అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినబడేదే. అది తప్పు. విరిగిన వేలు చాలాసార్లు కదులుతుంది. కదపగలగడం ఎముక బాగుందనడానికి రుజువు కాదు.

ఒక్కో చేతి వేళ్లలో 14 ఎముకలు, వాటికి పునాదిగా అరచేతిలో మరో 5. విరిగేవి ఎక్కువగా ఇవే. వీటిలో చాలా వాటికి ఆపరేషన్ అక్కర్లేదు. ఎముక చీలినా చోటు నుంచి కదలకుండా ఉంటే విరిగిన వేలిని పక్క వేలితో కలిపి టేపు చుడితే చాలు. కాలు బెణికినవాడు స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి నడిచినట్టు, ఆరోగ్యంగా ఉన్న వేలు విరిగినదాన్ని వెంటబెట్టుకుని కదిలిస్తుంది. వేలి చివరి ఎముక చితికితే చిన్న రేకు చట్రం సరిపోతుంది. కోపంతో గోడను గుద్దినవారికి విరిగేది ఎక్కువగా చిటికెన వేలి మొదట్లో ఉన్న అరచేతి ఎముక మెడ. ఇది 40 డిగ్రీల దాకా వంగి అతికినా చాలామందికి పనిలో తేడా తెలియదు. ఆ వేలి అడుగు కీలుకు సహజంగానే కదలిక ఎక్కువ కాబట్టి వంకరను అదే సర్దుకుంటుంది. మెటిక ఉబ్బు మాత్రం కొంత తగ్గి, పిడికిలి పట్టినప్పుడు ఒక గుంట కనబడుతుంది. అదే వంకర చూపుడు వేలి అడుగున వస్తే సర్దుకోదు. అక్కడ 10, 15 డిగ్రీలకు మించితే ఇబ్బందే. ఒకే చెయ్యి, రెండు వేళ్లు, రెండు చట్టాలు.

ఈ చిటికెన వేలి విరుపుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వైద్యులు సిమెంటు కట్టును, ఉత్త టేపును పోల్చి చూసి 2019లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల తర్వాత చెయ్యి పనితీరులో తేడా లేదు. టేపు వేసుకున్నవారు పని మానిన రోజులు మాత్రం తక్కువ. 2023లో స్వీడన్ వైద్యులు మరో అడుగు ముందుకేశారు. అరచేతి ఎముక ఏటవాలుగా, మెలి తిరిగినట్టు విరిగినవారిలో కొందరికి స్క్రూలు బిగించారు, మిగతావారిని మొదటి నుంచే వేళ్లు కదపమన్నారు. రెండో వర్గంలో ఎముక కొన్ని మిల్లీమీటర్లు కుదించుకుపోయింది. అయినా ఏడాది తర్వాత చూస్తే పట్టు బలంలో వాళ్లు వెనకబడలేదు. పదిహేను, ఇరవై ఏళ్ల క్రితం ఇలాంటి ఎక్స్‌రేను చూసి ‘ప్లేటు వేయాల్సిందే’ అన్న సర్జన్లకు ఇది మింగుడుపడే కబురు కాదు.

మరి కత్తి ఎప్పుడు? దానికి జవాబు చెప్పే పరీక్షకు యంత్రం అక్కర్లేదు. నాలుగు వేళ్లూ నెమ్మదిగా మడిస్తే వాటి కొనలన్నీ బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర ఒకే చోటు వైపు చూడాలి. విరిగిన వేలు పక్కదాని మీదికి ఎక్కినా, దాని కిందికి దూరినా లోపల ఎముక మెలి తిరిగిందన్నమాట. వేలు చాచి ఉన్నప్పుడు ఈ మెలిక కనబడదు. ఎక్స్‌రేలోనూ తేలిగ్గా దొరకదు. అరచేతి ఎముకలో 5 డిగ్రీల మెలిక పడితే చాలు, పిడికిలి పట్టినప్పుడు వేలి కొన దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల మేర పక్క వేలి మీదికి పోతుంది. అలాంటి చేత్తో చీపురు పట్టలేరు, స్క్రూడ్రైవర్ తిప్పలేరు, అన్నం ముద్ద చేసుకోవడమూ కష్టమే. వంకరను శరీరం కొంత సర్దుకుంటుంది. మెలికను సర్దుకోదు, పిల్లల్లో కూడా. వాపు, నొప్పి వల్ల మొదటి రోజు రోగి పిడికిలి పట్టలేకపోవచ్చు. అందుకే నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ చూడాలి. ఆ రెండో సందర్శనే మన దగ్గర ఎక్కువమంది ఎగ్గొడతారు.

ఆపరేషన్ వైపు మొగ్గాల్సిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తే గాయం కడగడానికైనా థియేటర్‌కు వెళ్లక తప్పదు. విరుపు కీలు లోపలికి పాకి, కీలు గిన్నె మెట్టులా విరిగితే ఆ మెట్టును సరిచేయాలి. లేకపోతే ఆ కీలు అరిగిపోతుంది. సరిచేసి కట్టు కట్టిన ప్రతిసారీ జారిపోతుంటే ఏదో ఒకటి గుచ్చి నిలపాలి. చాలాచోట్ల ఆ ‘ఏదో ఒకటి’ జర్మన్ సర్జన్ మార్టిన్ కిర్ష్‌నర్ 1909లో ప్రవేశపెట్టిన సన్నని ఉక్కు తీగే. మన ఆస్పత్రుల్లో కే-వైర్ అంటారు. కొయ్యకు మేకు కొట్టినట్టు దీన్ని చర్మం మీంచే ఎముకలోకి దించి, మూడు నాలుగు వారాలకు ఓపీలోనే లాగేస్తారు. చవక, సులువు. తీగ బయటికి ఉన్న చోట చీము పట్టే ప్రమాదం ఒక్కటి ఉంది. స్క్రూలు, ప్లేట్లు ఇంకా గట్టివి. వాటి లాభమల్లా రెండో రోజు నుంచే వేలు కదపనివ్వడం. నష్టం కూడా అక్కడే పొంచి ఉంది. వేలి ఎముక మీద వేలిని చాచే టెండాన్ (జనం నరం అంటారు, నరం కాదు) పల్చటి రేకులా పరుచుకుని ఉంటుంది. దాని కింద ప్లేటు పెట్టాలంటే దాన్ని తొలగించాలి. మానేటప్పుడు అది ఎముకకో, ప్లేటుకో అంటుకుపోతుంది. ఎక్స్‌రేలో ఎముక గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది, వేలు మాత్రం వంగదు.

అమెరికన్ సర్జన్ ఆల్‌ఫ్రెడ్ స్వాన్సన్ 1970లోనే ఈ చిక్కును తేల్చి చెప్పారు. వేలి విరుపుకు వైద్యం చేయకపోతే వంకర, అతిగా చేస్తే బిగుసుకుపోవడం, సరిగా చేయకపోతే రెండూ అన్నది ఆయన మాటల సారాంశం. యాభై ఏళ్లు దాటినా చేతి సర్జన్లు దీన్ని వల్లిస్తూనే ఉన్నారు.

బిగుసుకుపోవడమన్నది ఆపరేషన్ ఒక్కదాని పాపమేం కాదు. కట్టుకూ అందులో సమాన వాటా ఉంది. వేలి ఎముక నిజానికి మూడు నాలుగు వారాల్లో కదపదగ్గంత గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో విరిగిన గీత మాత్రం నెలల తరబడి కనబడుతూనే ఉంటుంది. ఆ గీత పోలేదని కట్టును ఆరు, ఎనిమిది వారాలు ఉంచేయడం మన దగ్గర మామూలు. ‘ఇంకో పదిహేను రోజులు ఉంచుదాం’ అని డాక్టరు అంటే రోగి సంతోషిస్తాడు కూడా. తీసేసరికి మధ్య కణుపు మొద్దుబారి ఉంటుంది. కట్టు ఏ భంగిమలో కట్టారన్నదీ ముఖ్యమే. అరచేతి దగ్గరి కీళ్లు బాగా వంచి, వేళ్లు నిటారుగా ఉంచితే కీళ్ల చుట్టూ ఉన్న లిగమెంట్లు కుంచించుకుపోవు. చేతిని చదునుగా, పలక మీద పెట్టినట్టు కట్టేస్తే ఎముక అతికేలోపు కీళ్లు పట్టేస్తాయి.

కట్టు పేరెత్తితే దక్షిణాదిలో ముందు గుర్తొచ్చేది పుత్తూరు. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే దారిలో ఉన్న ఈ ఊరి దగ్గర పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ ఒక కుటుంబం తరతరాలుగా ఎముకలకు కట్లు కడుతోంది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. ఇవే సరంజామా. తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు, ‘పుత్తూరు కట్టు’ బోర్డులు ఎన్నో ఊళ్లలో వేలాడుతుంటాయి. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలికే గానీ సరికాదు. కదలని విరుపు, చర్మం చెడని విరుపు ఏ ఆసరా ఇచ్చినా అతుకుతుంది. వేలి విరుపుల్లో ఎక్కువ భాగం అలాంటివే కాబట్టి కట్టు కట్టినవారికి మంచి పేరు రావడంలో ఆశ్చర్యం లేదు. ఇబ్బంది మిగతా వాటితోనే. మెలిక, కీలులోకి పాకిన చీలిక, తెగిన టెండాన్ ఏ బద్దతోనూ సర్దుకోవు. ఇక ఎవరు కట్టినా, బద్దతోనైనా సిమెంటుతోనైనా, బిగుతు ఎక్కువై వేలు తిమ్మిరెక్కి నల్లబడుతుంటే పొద్దున దాకా ఆగకూడదు. ఆ రాత్రే కట్టు విప్పించాలి.

ఎముక విరుపులా కనబడని రెండు దెబ్బలు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచుతాయి. పరుపు కింద దుప్పటి దోపుతుండగా వేలి కొన చటుక్కున కిందికి వాలిపోతుంది, మళ్లీ లేవదు. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి పట్టించుకోరు. ఇది కొనను ఎత్తిపట్టే టెండాన్ తెగడం వల్లో, అది చిన్న ఎముక ముక్కను లాక్కుపోవడం వల్లో వస్తుంది. దీనికి చాలావరకు ఆపరేషన్ వద్దు. కానీ కొనను ఆరు నుంచి ఎనిమిది వారాలు పగలూ రాత్రీ నిటారుగా చట్రంలో ఉంచాలి. స్నానానికి చట్రం తీసినప్పుడు ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ మొదటికే. ఇంత ఓపిక కన్నా ఆపరేషనే నయమని అడిగేవారూ లేకపోలేదు. రెండోది దీనికి సరిగ్గా ఉల్టా. కబడ్డీలో రెయిడర్ చొక్కానో నిక్కరునో పట్టుకున్న వేలు ఒక్క ఉదుటున లాగేసినట్టయి, ఆ తర్వాత కొన మడవడం రాదు. ఎక్కువగా బలయ్యేది ఉంగరపు వేలు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. లోపల మాత్రం వేలిని మడిచే టెండాన్ ఊడి అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటుంది. దీనికి కట్టుతో పనిలేదు. వారం, పది రోజుల్లో కుట్టాలి. నెల తర్వాత వస్తే సర్జన్ చేయగలిగింది బాగా తగ్గిపోతుంది.

పిల్లల విషయంలో అమ్మానాన్నలకు ఊరట ఎక్కువ, ఒక్క చోట తప్ప. ఎదిగే ఎముక తన వంకరను తనే చాలావరకు దిద్దుకుంటుంది. కానీ తలుపు సందులో వేలు నలిగి, గోరు మొదలు దగ్గర లేచి రక్తం కారుతుంటే అది ఉత్త గోరు దెబ్బ అనుకుని పసుపు అద్దడం ప్రమాదం. గోరు అడుగునే ఎముక ఎదుగుదల పొర ఉంటుంది. అది విరిగి గాయంతో కలిస్తే ఎముకకే చీము పట్టొచ్చు. శుభ్రంగా కడిగి, గోరును దాని గూట్లో కూర్చి, యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ వేలి ఎదుగుదలే ఆగిపోవచ్చు.

ఆపరేషన్ అంటే భయానికి పెద్ద కారణం మత్తు. ఆ భయం తగ్గించే మార్పు కెనడా నుంచి వచ్చింది. వేళ్లలో అడ్రినలిన్ కలిపిన మత్తు సూది వేస్తే రక్తం ఆగి వేలు కుళ్లిపోతుందని తరాల తరబడి వైద్య విద్యార్థులకు నూరిపోశారు. సెయింట్ జాన్ నగరానికి చెందిన సర్జన్ డొనాల్డ్ లాలోండ్, ఆయన సహచరులు మూడు వేలకు పైగా సూదుల అనుభవాన్ని 2005లో ప్రచురించి ఆ భయానికి ఆధారం లేదని చూపించారు. ఇప్పుడు రోగి మెలకువగానే ఉంటాడు, చేతికి బిగించే రబ్బరు పట్టీ ఉండదు, ఖర్చూ తగ్గుతుంది. అన్నిటికన్నా గొప్ప లాభం మరొకటి. తీగ గుచ్చాక సర్జన్ ‘పిడికిలి పట్టండి’ అంటాడు. వేలు మెలి తిరిగిందో లేదో బల్ల మీదే తేలిపోతుంది, తప్పుంటే అప్పుడే దిద్దుకోవచ్చు. వాలాంట్ అని పిలిచే ఈ పద్ధతి మన దేశంలోనూ వాడుకలోకి వచ్చింది.

చేతి సర్జరీలో మన దేశానిదేమీ వెనకబడ్డ చరిత్ర కాదు. వెల్లూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠు రోగుల వంకర వేళ్లను టెండాన్ల మార్పిడితో తెరిపించారు. చెన్నై స్టాన్లీ వైద్య కళాశాల, కోయంబత్తూరులోని గంగా ఆస్పత్రి చేతి గాయాలకు పేరు మోసినవి. కానీ సర్జన్ పని అయ్యాక మొదలయ్యే సగం పనికి, అంటే వేలిని రోజూ కొలిచి, కదిలించి, చట్రం మార్చే హ్యాండ్ థెరపిస్టులకు, పెద్ద నగరాలు దాటితే కొరతే. ‘ఇంట్లో బంతి పిసకండి’ అన్న ఒక్క సలహాతో డిశ్చార్జి చేస్తారు. నిజానికి బంతి పిసకడం వల్ల మధ్య కణుపు వంగడం రాదు. కణుపు కింద పట్టుకుని ఒక్కో కీలునూ విడివిడిగా వంచాలి, చాచాలి.

డబ్బు లెక్క కూడా తక్కెడను ఒకవైపు వంచుతోంది. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనో, డేకేర్ ఆపరేషన్ జరిగితేనో డబ్బిస్తాయి. ఓపీలో కట్టించుకున్న కట్టు, నెల రోజుల ఫిజియోథెరపీ చాలా పాలసీల పరిధిలోకి రావు. బీమా ఉన్న రోగికి ప్లేటు ఉచితం, టేపు సొంత ఖర్చు! బీమా లేని దినకూలీది దీనికి పూర్తి వ్యతిరేకం. అతనికి ఆపరేషన్ ఖర్చుకన్నా భారమైంది మూడు వారాలు పనిలోకి పోకపోవడం. అందుకే విరిగిన వేలితోనే ఇటుకలు మోస్తాడు. ఎముక వంకరగా అతికాక వస్తే దాన్ని మళ్లీ కోసి సరిచేయాలి. అది మొదటి ఆపరేషన్ కన్నా పెద్దది.

వేళ్లు ఎక్కువగా నలిగేది కర్మాగారాల్లో. గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్‌లలో కార్ల విడిభాగాలు చేసే చిన్న యూనిట్లలో పవర్ ప్రెస్సుల కింద వేళ్లు పోగొట్టుకుంటున్న కార్మికుల వివరాలను సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో నివేదికలుగా వెలువరిస్తోంది. ప్రెస్సు కింద నలిగిన వేలికి కట్టా, కత్తా అన్న మీమాంసే ఉండదు. మిగిలేది ఎంత అన్నదే ప్రశ్న. అలా మిగిలినదానికి చట్టంలో ధర కూడా ఉంది. ఉద్యోగుల నష్టపరిహారానికి దశాబ్దాల పాటు ఆధారమైన 1923 నాటి చట్టం పట్టిక ప్రకారం బొటనవేలు పోతే సంపాదన సామర్థ్యంలో 30 శాతం నష్టం. చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలికి 12, ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఆ చట్టం స్థానాన్ని తీసుకుంది.

పాత పట్టికలో ఈ శాతాలన్నీ తెగిపోయిన వేళ్లకే. అతికి కూడా వంగని వేలు అందులో లేదు. దాని నష్టం ఎంతో వైద్యుడే అంచనా కట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిచి రాయాలి, అది ప్రమాదం వల్లే వచ్చిందని చూపాలి. దెబ్బ తగిలిన రోజు ఎక్స్‌రే, డిశ్చార్జి కాగితం, ఫిజియోథెరపీ చీటీలు దాచుకున్న కార్మికుడికి ఆ పని తేలిక. ఆర్‌ఎంపీ దగ్గర బామ్ రాయించుకుని మర్నాడే షిఫ్టుకు వెళ్లినవాడి దగ్గర చూపడానికి వేలు తప్ప ఇంకేమీ ఉండదు.